ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ బండి: మొండి ఓనర్లతో ఫోన్ కాల్ నుంచి ఆర్సీ దాకా

"బండి బాగుంది, రేటూ పర్వాలేదు, కానీ ఓనర్‌తోనే తలనొప్పిగా ఉంది. ఏం చేయమంటారు?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరసగా రాసేస్తున్నాను. హైదరాబాద్‌లో నాకూ మావాళ్లకూ కలిపి ఇలా ఆరు సెకండ్ హ్యాండ్ టూవీలర్లు కొన్నాం. అందులో ఒకటి నన్ను నాలుగు నెలలు తిప్పింది. ఆ సంగతి కూడా కింద ఉంది.

కాగితాలు, బండి, రేటు, డబ్బు. మన వరస ఇదే. ఇబ్బంది పెట్టే ఓనర్ ఎవరైనా సరే, ఈ వరసను తలకిందులు చేయాలని చూస్తాడు. ముందు టోకెన్ అడ్వాన్స్ వేసెయ్, కాగితాలు తర్వాత అంటాడు. బండి చూడకముందే లాస్ట్ రేటు చెప్పమంటాడు. అతనితో వాదించాల్సిన పని లేదు, వరస మన చేతిలో ఉంటే చాలు.

## 1. ఇంటి దగ్గర చేసుకోవాల్సిన తయారీ

మీకు కావాల్సిన మోడల్, అదే సంవత్సరం బండ్లు ఒక పది యాడ్‌లు చూసి రేట్లు కాగితం మీద రాసుకోండి. అన్నింటికంటే ఎక్కువ, అన్నింటికంటే తక్కువ ఉన్నవి కొట్టేయండి. మిగిలినవి చూస్తే మార్కెట్ ఎంతలో ఉందో తెలిసిపోతుంది. ఒకే యాడ్ మూడు వారాలుగా అలాగే ఉంటే ఆ ఓనర్ తగ్గడానికి సిద్ధంగా ఉన్నాడనే అనుకోవచ్చు.

తర్వాత రెండు అంకెలు రాసుకోండి. ఒకటి మీరు మొదలుపెట్టే రేటు, రెండోది దాటితే లేచి వచ్చేసే రేటు. ఆ రెండోది బండి దగ్గర నిలబడి కాకుండా ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. బండి మీద కూర్చున్నాక ప్రతివాడికీ ఇంకో రెండు వేలు పెట్టొచ్చులే అనిపిస్తుంది.

బండి రేటుకి పైన పడే ఖర్చులు కూడా లెక్కలో ఉండాలి. ఉదాహరణకి ఇన్సూరెన్స్. 2018 సెప్టెంబర్ 1 తర్వాత కొన్న కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి. "ఫైవ్ ఇయర్స్ ఇన్సూరెన్స్ ఉంది బ్రో" అని 2019 బండి ఓనర్ చెబితే, ఉండేది, 2024తోనే అయిపోయింది అని అర్థం. 75 నుంచి 150 సీసీ బండికి 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ బేరంలో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

మెకానిక్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. పెట్రోలు, పైన ఒక ఐదొందలు ఇస్తే ఆదివారం పొద్దున వస్తారు. మెకానిక్ దొరకకపోతే బండ్ల గురించి తెలిసిన స్నేహితుడినైనా వెంట తీసుకెళ్లండి, ఒంటరిగా మాత్రం వద్దు.

బయల్దేరే ముందు:

- రెండు రేట్లు రాసిన కాగితం
- మీ డ్రైవింగ్ లైసెన్స్, హెల్మెట్
- ఫామ్ 29 రెండు కాపీలు, ఫామ్ 30 ఒకటి (పేరు మార్పిడికి ఆర్టీవోలో ఇచ్చేవి), ప్రింట్ తీసినవి
- రెండు పెన్నులు
- ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ (నంబర్ కొడితే బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్)

ఫామ్‌లు మనమే తీసుకెళ్లడం ఎందుకంటే, "జిరాక్స్ షాపు మూసేశారు, రేపు సంతకం పెడతా" అనే మాటకి చోటు ఉండదు.

## 2. మొదటి మెసేజ్

"లాస్ట్ ఎంత?" అని మెసేజ్ పెట్టకండి. యాడ్ పెట్టినవాడికి పొద్దున్నుంచి రాత్రి దాకా వచ్చేది ఆ మెసేజే. చాలామంది ఓనర్లు కసురుకోవడానికి కారణం వాళ్ల స్వభావం కాదు, ఈ విసుగే. ఇలా రాస్తే మీరు నిజంగా కొనే మనిషి అని తెలుస్తుంది:

"నమస్తే అండి. మీ 2019 యూనికార్న్ యాడ్ చూశాను. ఉప్పల్‌లో ఉంటాను. ఈ ఆదివారం పొద్దున మెకానిక్‌తో వచ్చి చూడగలను. ఆర్సీ మీ పేరు మీదే ఉందా? ఫైనాన్స్ ఏమైనా ఉందా? బండి నంబర్ పంపితే చలాన్లు, ఇన్సూరెన్స్ చూసుకుని వస్తాను."

దీనికి సూటిగా జవాబు వస్తే సగం పని అయినట్టే. "నంబర్ ఎందుకు, వచ్చి చూస్కో" అంటే వెంటనే దొంగబండి అనుకోకండి. నంబర్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వడానికి కొందరికి నిజంగానే భయం. "ఆర్సీలో అడ్రస్ మీద వేలు పెట్టి ఫొటో పంపండి చాలు" అని ఒక్కసారి అడగండి. అప్పుడూ కాదంటే వదిలేయండి. నంబర్ తెలియకుండా ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్లడం దండగ.

ఫోన్ చేసేటప్పుడు ఒక చిన్న చిట్కా. మోడల్ పేరు చెప్పకుండా "అన్నా, మీ బండి యాడ్ చూశాను" అనండి. "ఏ బండి?" అని అడిగాడంటే అతను ఓనర్ కాదు, నాలుగైదు బండ్లు తిప్పే బ్రోకర్.

ఫోన్‌లో మాట్లాడుకున్నది పెట్టేశాక వాట్సాప్‌లో రెండు లైన్లు రాసి పంపండి: "మీరు చెప్పినట్టు ఫస్ట్ ఓనర్, ఫైనాన్స్ లేదు, రెండు తాళాలు ఉన్నాయి, చూశాక రేటు 52 వేల దగ్గర మాట్లాడుకుందాం. ఆదివారం 8కి వస్తున్నాను." అవతలివాడు 'ఓకే' అంటే చాలు. తర్వాత మాట మారితే వాదన లేకుండా అది తీసి చూపించవచ్చు.

## 3. నంబర్ రాగానే ఐదు నిమిషాల పని

ఎంపరివాహన్‌లో నంబర్ కొట్టండి. ఓనర్ పేరు మధ్యమధ్యలో చుక్కలతో కనిపిస్తుంది, కానీ కనిపించే అక్షరాలు అమ్మేవాడి పేరుతో కలుస్తున్నాయో లేదో పోల్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువు, ఫైనాన్స్ వివరాలు కూడా అక్కడే చూసుకోండి.

నంబర్ ముందున్న అక్షరాలు చూసి గాభరా పడొద్దు. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది, పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి. ఏపీ09, ఏపీ36 లాంటివి రాష్ట్రం విడిపోక ముందు ఇక్కడి జిల్లాల్లో ఇచ్చిన నంబర్లే. కాకపోతే అవన్నీ 2014వి, లేదా అంతకుముందువి. ప్రైవేటు బండికి ఆర్సీ 15 ఏళ్లే కాబట్టి గడువు ఎంత మిగిలిందో, రెన్యువల్ అయిందో లేదో చూడండి. ఏపీ39 అయితే 2019లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ మొదలైన సిరీస్, దాన్ని బట్టి ఏ జిల్లాదో చెప్పలేం.

వేరే రాష్ట్రం బండి చవగ్గా వస్తుందంటే ముందు లెక్క వేసుకోండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫామ్ 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఎన్‌ఓసీ చేతిలో లేని కర్ణాటక బండిని నేనైతే చూడ్డానికి కూడా వెళ్లను.

చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూడండి. "డిస్కౌంట్ వస్తుంది, అప్పుడు ఒకేసారి కట్టేస్తా" అనే ఓనర్ తెలంగాణలో తప్పకుండా తగులుతాడు. 2022 మార్చిలో, 2023 డిసెంబర్‌లో డిస్కౌంట్ ఇచ్చారు కాబట్టి ఆ ఆశ. మళ్లీ ఎప్పుడిస్తారో అని మీరు కూర్చోనక్కర్లేదు. మీ ముందే కడతాడా, రేటులో తగ్గిస్తాడా అని అడగండి.

దొంగబండి అనుమానం ఉంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్ సేవలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో వెతకవచ్చు.

## 4. ఎలాంటి ఓనర్‌తో ఎలా

కసురుకునేవాడు. నిజానికి వీళ్లతోనే పని తేలిక. తార్నాకలో ఒక రిటైర్డ్ అంకుల్ ఫోన్‌లో మూడు ముక్కలకు మించి మాట్లాడలేదు. ఇంటికి వెళ్తే చెప్పులతో వరండా ఎక్కామని తిట్టారు. సీటు మీద చెయ్యి పెడితే "గీతలు పడతాయి" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్ తెచ్చారు. 2016 నుంచి సర్వీసు బిల్లులన్నీ అందులో తేదీల వారీగా ఉన్నాయి, రెండో తాళం షోరూం ట్యాగ్‌తో సహా! అడిగిన రేటులో వెయ్యి మాత్రమే తగ్గించారు. మారు మాట్లాడకుండా తీసుకున్నాం. ఇలాంటివాళ్ల దగ్గరికి టైముకి వెళ్లండి, ఫోన్‌లో బేరం ఆడకండి, బండిని పొగడకండి, తిట్టకండి.

తియ్యగా మాట్లాడి కాగితాలు దాటేసేవాడు. వీళ్ల దగ్గరే జాగ్రత్త. "అన్నా, తమ్ముడు లాంటోణ్ణి, నీకు మోసం చేస్తానా" అంటూ టీ తాగిస్తాడు. ఆర్సీ అడిగితే ఊళ్లో ఉందంటాడు. "డిజిలాకర్‌లో తెరిచి చూపించు తమ్ముడూ" అనండి. అందులోనూ లేదంటే డూప్లికేట్ ఆర్సీ తెచ్చుకున్నాక ఫోన్ చేయమని చెప్పి వచ్చేయండి. ఆ డూప్లికేట్ పని మీ నెత్తిన వేసుకోవద్దు.

"ఇంకో పార్టీ దారిలో ఉంది" అనేవాడు. ఉండనివ్వండి. "అలాగే అండి, ఆయన తీసుకోకపోతే సాయంత్రం ఆరింటికి నేనొస్తా" అని పెట్టేయండి. ఆ పార్టీ నిజంగానే తీసుకుంటే ఇంకో బండి దొరుకుతుంది, అలాంటి బండ్లకు ఈ ఊళ్లో కరువేమీ లేదు. తప్పక టోకెన్ వేయాల్సి వస్తే ఆర్సీ ఫొటో చూశాకే, ఐదొందలో వెయ్యో, ఆర్సీలో ఉన్న పేరు మీది ఖాతాకే వేయండి. "మెకానిక్ చూశాక నచ్చకపోతే వాపసు" అని వాట్సాప్‌లో రాయించుకోండి.

ఓనర్‌లా మాట్లాడే బ్రోకర్. "మా బావమరిది బండి, దుబాయ్ వెళ్లాడు." అయితే ఫామ్ 29, 30 మీద సంతకం ఎవరు పెడతారు? ముందే సంతకాలు పెట్టించి కొనేవాడి పేరు ఖాళీగా ఉంచిన వాటిని ఓపెన్ పేపర్లు అంటారు. ఆ సంతకం నిజమైనదో కాదో మీకెలా తెలుస్తుంది? అసలు ఓనర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడించమనండి, ఆధార్ కాపీలో సంతకంతో పోల్చండి. అవి కుదరకపోతే వద్దు.

ఆటో కన్సల్టెన్సీలన్నీ మోసం అని నేననను. కాగితాల పని వాళ్లకి బాగా తెలుసు. అయితే పాత బండ్లు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఆ పత్రం చూపించమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

"నేను ఆర్మీలో ఉన్నాను" అనేవాడు. ఇది ఇబ్బంది కాదు, నేరుగా మోసం. ట్రాన్స్‌ఫర్ అయింది, బండి ఎయిర్‌పోర్టులో ఉంది, పార్సిల్ చేస్తాం, ముందు రవాణా ఖర్చు వెయ్యి అంటాడు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు పంపుతాడు. రేటు మార్కెట్‌లో సగం ఉంటుంది. బ్లాక్ చేయండి. ఇలాంటివాళ్లు వాపసు ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ కూడా పంపుతారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, స్కాన్ చేయనక్కర్లేదు. ఇప్పటికే పంపేసి ఉంటే గంటలు లెక్కపెట్టుకోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

లోన్ పెండింగ్ ఉన్నవాడు. "నువ్వు డబ్బిస్తే నేను కట్టేసి ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ తెస్తా" అంటాడు. చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఆ డబ్బుతో అతను ముందు ఇంటద్దె కడితే మీరేం చేయగలరు? ఇద్దరూ కలిసి ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లండి. మిగిలిన బాకీ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాకే కట్టండి, రసీదు ఫొటో తీసుకోండి. మిగతా డబ్బు ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫైనాన్స్ వాళ్ల సంతకం, ముద్ర ఉన్న ఫామ్ 35 (లోన్ తీరిందని ఆర్టీవోకి ఇచ్చేది) చేతికొచ్చాకే.

చనిపోయినవారి బండి. నాన్నగారి బండి కొడుకు అమ్ముతుంటాడు, అది మామూలే. ముందు అతను మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రంతో ఫామ్ 31 ద్వారా బండిని తన పేరుకి మార్చుకోవాలి. తర్వాతే మీకు అమ్మాలి. ఆ మాట మెత్తగా చెప్పండి.

## 5. బండి దగ్గర

ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. మియాపూర్‌లో ఒకసారి జనవరి పొద్దున వెళ్లాం. ట్యాంకు మీద మంచు బొట్లు అలాగే ఉన్నాయి, ఇంజిన్ మాత్రం చెయ్యి పెట్టనివ్వడం లేదు. "ఇప్పుడే పాలకెళ్లొచ్చా అన్నా" అన్నాడు. పాలకెళ్లొస్తే ట్యాంకు మీద మంచు తుడిచిపెట్టుకుపోదా? నిలబెట్టి స్టార్ట్ చేసి వేడి చేశాడన్నమాట. మా మెకానిక్ ఏమీ అనలేదు. "సరే, టిఫిన్ చేసి వస్తాం" అని నన్ను లాక్కెళ్లాడు. గంటన్నర తర్వాత వచ్చి కిక్ కొడితే నాలుగో కిక్‌కి అందుకుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఆయిల్ కాలిపోతోంది, అంటే బోరు (ఇంజిన్ సిలిండర్) పని. "బోరు ఖర్చు తీసేసి చెప్పు" అంటే ఓనర్ గేటు వేసేసుకున్నాడు.

మిగతాది మెకానిక్ చూసుకుంటాడు, కానీ ఇవి మీరు స్వయంగా చూడండి:

- ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్సీతో ఒక్కో అంకె కలుస్తున్నాయా, గీకిన గుర్తులు ఉన్నాయా
- హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందా
- ముందు ఫోర్క్ గొట్టాల మీద ఆయిల్ మరకలు
- చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయా
- టైరు మీద నాలుగు అంకెలు: 2319 అంటే 2019లో 23వ వారం
- మీటర్ 18 వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయిందా
- రెండో తాళం

ట్రయల్ ఇవ్వనంటే? ఇక్కడ నేను ఓనర్ పక్షమే. ట్రయల్ వేసొస్తానని బండితో మాయమైపోయేవాళ్లు ఉన్నారు. "మీరు వెనక కూర్చోండి అన్నా" అనండి. లేదా మీరు వచ్చిన బండి తాళం, వెంట వచ్చిన మనిషిని అక్కడ వదిలి వెళ్లండి. ఇంత చెప్పినా ఒప్పుకోకపోతే అతని భయం దొంగతనం గురించి కాదు. ట్రయల్ దొరికితే మూడో గేరులో ఒక్కసారిగా రేజ్ చేయండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే.

మెకానిక్‌ని ముట్టుకోనివ్వకపోతే? "ఏదీ విప్పం, చూస్తాం, వింటాం అంతే" అని మాటివ్వండి. ప్లగ్ తీయాలన్నా అతన్ని అడిగే తీయండి. మెకానిక్ బండిలో లోపాలను ఓనర్ మొహం మీదే ఏకరువు పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పక్కకి తీసుకెళ్లి మీకు చెప్పమనండి.

## 6. బేరం

"బండి బాలేదు" అంటే గొడవ. "వెనక టైరు, చైన్ సెట్, ఇన్సూరెన్స్, పెండింగ్ చలాన్లు" అని కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన మెకానిక్ చెప్పిన ఖర్చు వేసి, కూడి చూపిస్తే అది లెక్క. మొండి మనిషి కూడా లెక్కకి జవాబు చెప్పాలి.

ఒక రేటు చెప్పాక నోరు మూసుకోండి. మనవాళ్లకి ఇది చాలా కష్టం. నిశ్శబ్దం భరించలేక మనమే ఇంకో వెయ్యి పెంచేస్తాం.

అంతా అయ్యాక "మా ఆవిడ ఒప్పుకోవట్లేదు, ఇంకో మూడు వేలు" అంటాడు. వాట్సాప్ తీసి చూపించండి, గొంతు పెంచొద్దు. "ఈ రేటుకైతే ఇప్పుడే డబ్బు వేస్తా, లేకపోతే మీ ఇష్టం అండి" అని హెల్మెట్ చేతిలోకి తీసుకోండి. మీరు రాసుకున్న రెండో అంకె దాటితే నిజంగానే వెళ్లిపోండి. మూడు నాలుగు రోజుల్లో ఫోన్ రావచ్చు. వస్తే పాత రేటే చెప్పండి, పంతానికి పోయి తగ్గించొద్దు.

## 7. డబ్బు ఇచ్చే గంట

వరస ఇది, మార్చకండి:

1. ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ చేతిలోకి.
2. ఫామ్ 29 రెండు కాపీలు, ఫామ్ 30 మీద ఓనర్ సంతకాలు, మీ పేరు రాశాకే. ఖాళీ ఫామ్ మీద సంతకం తీసుకోవడం మీకూ మంచిది కాదు, అతనికీ కాదు.
3. ఓనర్ ఆధార్ కాపీ, దాని మీద సంతకం, తేదీ, "ఫలానా బండి అమ్మకం కోసం" అన్న ముక్క.
4. డెలివరీ కాగితం: బండి నంబర్, రేటు, తేదీ, గంట, నిమిషం. ఇద్దరి సంతకాలు.
5. ఆర్సీ పేరు మీది ఖాతాకి డబ్బు. యూపీఐలో పేరు కనపడ్డాకే పిన్.
6. రెండు తాళాలు.

కొత్తగా చేర్చిన ఖాతాకి మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు ఉన్నాయి. అలా ఆగిపోయి ఆదివారం ఓనర్ గుమ్మంలో కూర్చోవడం నాకు అనుభవం. ముందు రోజే ఒక రూపాయి పంపి చూసుకోండి. "మా తమ్ముడి నంబర్‌కి కొట్టు" అంటే కుదరదని చెప్పండి. నగదే కావాలంటే రసీదు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాయించండి.

"ఇన్ని సంతకాలెందుకు, నమ్మకం లేదా?" అనే ఓనర్‌కి చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఒకటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మిన 14 రోజుల్లోగా అమ్మినట్టు ఆర్టీవోకి తెలియజేయాల్సింది అమ్మినవాడే. పేరు మారేదాకా యాక్సిడెంట్ పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనర్ మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కాబట్టి "అన్నా, రేపు నేను ఎవర్నైనా గుద్దితే కోర్టు నోటీసు మీ ఇంటికొస్తుంది. ఈ కాగితం మీ కోసమే" అనండి. అప్పటిదాకా విసుక్కున్నవాడు పెన్ను అడిగి తీసుకోవడం నేను రెండుసార్లు చూశాను.

## 8. పేరు మారేదాకా

కొన్నవాడు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. నెలాఖరు దాకా ఆగకండి, మొదటి వారంలోనే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాట్ బుక్ చేయండి. పాత ఓనర్ ఫోన్‌కి ఓటీపీ వెళ్లే సందర్భాలు ఉంటాయి. వీలైతే డబ్బు ఇచ్చే రోజే అతని పక్కన కూర్చుని దరఖాస్తు పూర్తి చేసేయండి. నెల తర్వాత అదే ఓటీపీ కోసం పది ఫోన్లు చేయాల్సి వస్తుంది.

ఇన్సూరెన్స్ మిగిలి ఉంటే 14 రోజుల్లోగా మీ పేరుకి మార్చమని కంపెనీకి రాయండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, అది పాత ఓనర్‌దే.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

ఫైనాన్స్ ఎన్‌ఓసీ ఫొటో చూసి డబ్బు ఇచ్చేయడం. నేను చేసింది ఇదే. "ఒరిజినల్ పోస్టులో వస్తుంది" అంటే నమ్మి మొత్తం ఇచ్చేశాను. అది వచ్చేసరికి దాని మీద గడువు దాటిపోయింది. మళ్లీ కొత్తది కావాలంటే లోన్ తీసుకున్నవాడే రావాలన్నారు, అతనేమో బెంగళూరులో. అలా గడిచాయి ఆ నాలుగు నెలలు. ఇప్పుడు కాగితం చేతికి రాకపోతే రేటులోంచి ఐదు వేలు నా దగ్గరే ఆపుకుంటాను, పేరు మారిన రోజు పంపుతానని రాసిస్తాను. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే పాత ఓనర్ చేత ఫైనాన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టించి, ఆ ఈమెయిల్ కాపీ పట్టుకుని మీరు బ్రాంచికి వెళ్లండి.

పాత ఓనర్ ఫోన్ ఎత్తకపోవడం. ముందు వాట్సాప్‌లో తేదీ వేసి రాయండి. వారం చూసి ఆర్సీలోని అడ్రస్‌కి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. డెలివరీ కాగితం, డబ్బు పంపిన రుజువు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో అడగండి. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశంతో అమ్మాడని తేలితే పోలీసు ఫిర్యాదు, భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318.

కన్సల్టెన్సీ మాట తప్పడం. వాళ్లు వ్యాపారులు కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు. సొంత బండి అమ్ముకున్న మనిషి మీద ఆ దారి పనికిరాదు, అందుకే అతని దగ్గర కాగితాలు ముందే పక్కాగా ఉండాలి.

అమ్మిన తేదీకి ముందు చలాన్లు తర్వాత బయటపడటం. డెలివరీ కాగితం మీద గంట, నిమిషం రాయించింది ఇందుకే. చలాన్ ఫొటో మీద సమయం ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి పంపండి.

కొత్త కార్డు చూసుకోకపోవడం. ఆర్సీ రాగానే పేరు స్పెల్లింగ్, ఛాసిస్ నంబర్, ఫైనాన్స్ దగ్గర ఖాళీగా ఉందా అన్నవి చూడండి. తప్పుంటే అదే వారం వెళ్లి దిద్దించుకోండి. సరిగ్గా ఉంటే ఒక ఫొటో తీసి పాత ఓనర్‌కి పంపండి. నేను ఆపుకున్న ఐదు వేలు కూడా ఆ ఫొటో వెనకాలే పంపుతాను.